ఉప్పాడ ఇసుకలో దొరికిన పుర్రె: ప్రాజెక్టు డైరీ

జనవరి 18, ఆదివారం

సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరినీ నిన్నటికి బస్సెక్కించేశాం. ఇవాళ పొద్దున్నే నేనూ, ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయీ బండి మీద ఉప్పాడ వైపు వెళ్ళాం. పాటు సమయం. నీళ్ళు బాగా వెనక్కి తగ్గి ఇసుక బయటపడింది. అలివి వల లాగుతున్నవాళ్ళని కాసేపు చూసి ముందుకు నడిచాం. దారిలో ఒక తాబేలు చచ్చిపడి ఉంది, ఆలివ్ రిడ్లే. జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఈ దృశ్యం మామూలే. గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వచ్చి, వలల్లో చిక్కుకుని, పైకొచ్చి గాలి పీల్చుకోలేక చచ్చిపోతాయి.

దానికి ఇరవై అడుగుల అవతల మా అమ్మాయి కాలికేదో గుచ్చుకుంది. తవ్వి తీస్తే పుర్రె. మాంసం, చర్మం ఏమీ లేవు. ఎండకి తెల్లబడి, అక్కడక్కడ పసుపు పట్టి ఉంది. కింది దవడ లేదు, ఒక్క పన్నైనా లేదు. పైభాగం ఉప్పుకాగితం రాసినట్టు గరుగ్గా, చిన్న చిన్న పొక్కులతో ఉంది. నడిమధ్య ముందు నుంచి వెనక్కి సన్నటి గాడి. వెనక వైపు నాలుకలా ఒక ఎముక పొడుచుకొచ్చింది.

ఇసుక దులుపుదామని ఊపితే లోపల గలగలమంది.

గవ్వ ఇరుక్కుందనుకుని మళ్ళీ ఊపాను. రాలేదు. రెండు చోట్ల నుంచి, రెండు రకాలుగా మోగుతోంది. "లోపల మెదడు ఎండిపోయిందేమో నాన్నా" అంది మా అమ్మాయి. నా దగ్గర అంతకంటే మంచి జవాబు లేదు.

వల దగ్గరికి తిరిగొచ్చి చూపిస్తే ఒకాయన చేతిలోకైనా తీసుకోకుండా "జెల్ల తల" అన్నాడు. పక్కనున్న ముసలాయన "కాదెహే, తాబేలుది. అదుగో అక్కడ పడుంది కదా" అన్నాడు. ఇద్దరూ పుట్టినప్పటి నుంచీ సముద్రం మీదే బతుకుతున్నవాళ్ళు. ఎవరి మాట పట్టుకోవాలి? నేను తినే జెల్ల చేప మూరెడు కూడా ఉండదు, దాని తల గుప్పిట్లో పడుతుంది. ఇదేమో నా అరచేతికంటే పెద్దది. ముసలాయన మాటకే మొగ్గాను.

ఇంటికి తెచ్చాం. తేకూడదేమోనన్న ఆలోచన రాత్రి అన్నం తింటుంటే వచ్చింది.

జనవరి 19, సోమవారం

తాబేలుదైతే మాత్రం గొడవే. సముద్రపు తాబేళ్ళు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. బతికున్నదాన్ని పట్టుకుంటేనే కాదు, చచ్చినదాని చిప్పో తలో ఇంట్లో పెట్టుకున్నా నేరమే. డాల్ఫిన్ కూడా అంతే. ముందు ఫొటో తీసి, చూసి, అక్కడే వదిలి రావాల్సింది. నేను బుద్ధిలేకుండా టిఫిన్ సంచిలో వేసుకొచ్చాను. కాబట్టి మొదట తేల్చాల్సింది "ఇది ఏమిటి" అని కాదు, "ఇది తాబేలేనా" అని. టెన్షన్ ఉంటే పని త్వరగా అవుతుంది.

ఇవాళ కొలతలు మాత్రం తీశాను. వెనకున్న నాలుక ఎముకతో కలిపి పొడవు 14.5 సెంటీమీటర్లు. వెడల్పు ఎక్కువున్న చోట 8.2. వంటింటి కాటా మీద 58 గ్రాములు. పక్కన స్కేలు పెట్టి ఆరు వైపుల నుంచీ ఫొటోలు తీశాను: పైన, కింద, ముందు, వెనక, రెండు పక్కలు. కింద నుంచి తీసిన ఫొటో గురించి తరవాత చెప్తాను, అదొక కథ.

పుర్రెని బకెట్టు మంచినీళ్ళలో నానబెట్టాను. సముద్రంలో పడున్న ఎముకలో ఉప్పు ఉంటుంది. అలాగే ఎండబెడితే ఆ ఉప్పు లోపల గడ్డకట్టి ఎముకని పగలగొడుతుంది. నాలుగు రోజులు, రోజూ నీళ్ళు మార్చాలి.

జనవరి 21, బుధవారం

పుర్రె అనగానే కళ్ళ గుంటలూ పళ్ళూ చూస్తాం. రెండు రోజులు నేనూ అదే చేశాను. దీనికి పళ్ళు లేవు, కళ్ళు ఎక్కడుండేవో తెలియలేదు. ముందు వైపున్న రెండు బొక్కల్ని చూసి అవే కళ్ళనుకున్నాను. అప్పుడు కొంగలా కనబడింది. తిప్పి పట్టుకుంటే కుక్కలా కనబడింది. మా ఆవిడ దూరం నుంచి చూసి "గబ్బిలం" అంది.

అసలు చూడాల్సింది వెనక్కి. మెడ ఎముక తలకి ఎక్కడ అతుక్కుంటుందో ఆ కీలు అబద్ధం చెప్పదు. పాలిచ్చే జంతువులన్నిటికీ అక్కడ రెండు బొడిపెలుంటాయి. మనకీ అంతే, మేకకీ అంతే, డాల్ఫిన్‌కీ అంతే. పక్షులకీ పాములకీ తాబేళ్ళకీ ఒకటే బొడిపె, తాబేలుదైతే ఆ ఒక్కటీ మూడు భాగాలు కలిసినట్టు ఉంటుంది. ఏదైనా సరే బొడిపె బయటికి పొడుచుకొస్తుంది.

పుర్రెని నీళ్ళలోంచి తీసి వెనక్కి తిప్పి ట్యూబ్‌లైటు కింద పట్టుకున్నాను. బొడిపె లేదు. దాని బదులు గుంట ఉంది. గుండ్రంగా, చిటికెన వేలి కొన పట్టేంత, లోపలికి గరాటులా దిగిపోయింది. గుంట గోడ మీద ఉంగరాల్లాంటి సన్నటి గీతలు. ఈ ఆకారం ఎక్కడ చూశానా అనుకుంటే ఎక్కడో కాదు, కంచంలోనే. చేప తిన్నాక మిగిలే నడుం ముల్లులో ఒక్కో పూసా అటూ ఇటూ గిన్నెలా గుంటపడి ఉంటుంది కదా, అచ్చం అదే.

చేప. తాబేలు కాదు, డాల్ఫిన్ కాదు. రాత్రికి హాయిగా నిద్రపట్టింది.

జనవరి 25, ఆదివారం

"జెల్ల తల" అన్నాయన సగం గెలిచాడు. అయినా అంతటితో ఆపబుద్ధి కాలేదు. పేరు ఎవరైనా చెప్తారు. మొన్న నిమిషం తేడాలో రెండు పేర్లు చెప్పారు. తెలిసిన జెల్ల తల ఒకటి శుభ్రం చేసి దీని పక్కన పెడితే గానీ నమ్మకం కుదరదు.

కాకినాడలో చేపల పడవలాగే కుంభాభిషేకం రేవుకి తెల్లారేసరికి వెళ్ళాను. చేపలమ్మే ఒకావిడకి ఫొటో చూపిస్తే "ఇదేంటి బాబుగారూ, జెల్లే కదా. పెద్ద జెల్ల" అంది. మూరెడుండేవి కాలవ దగ్గర పడేవట, లోపలి సముద్రంలో పడేవాటి తల చాటంత ఉంటుందట. చాటంత అన్నది అమ్మకపు మాట అనుకోండి.

మాటల్లో ఆవిడ చెప్పిన ఇంకో సంగతి: కొన్నాళ్ళు మగజెల్ల కోస్తే నోట్లో గోళీల్లాంటి గుడ్లుంటాయట. "పిల్లల్ని మింగేత్తందనుకునేదాన్ని చిన్నప్పుడు" అంది. మింగడం కాదు, పొదగడం. సముద్రపు జెల్లల్లో ఆడది గుడ్లు పెడితే మగది వాటిని నోట్లో పెట్టుకుని, పిల్లలయ్యేదాకా తిండి మానేసి మోస్తుంది. గుడ్డు ఒక్కోటి సెంటీమీటరు పైనే ఉంటుంది. చేప గుడ్లలో అది చాలా పెద్ద సైజు. అన్ని గుడ్లు పట్టాలంటే నోరు ఎంత వెడల్పుండాలో, ఆ నోటి పైకప్పు ఎంత వెడల్పుండాలో ఊహించుకోండి. నా దగ్గరున్న పుర్రె అంత చదునుగా ఉండటానికి ఇదీ ఒక కారణమేమో అనిపించింది.

పెద్దది లేదు. ముప్పావు కిలో జెల్ల ఒకటి తెచ్చాను. ఒళ్ళు పులుసుకి, తల నాకు.

జనవరి 26, సోమవారం

గణతంత్ర దినోత్సవం సెలవు. దాన్ని ఎలా పాడుచేశానో రాస్తున్నాను, ఇంకొకరు చేయకుండా ఉంటారని.

మాంసం ఊడాలంటే ఉడకబెట్టాలి, త్వరగా ఉడకాలంటే కుక్కర్. తల పెట్టి నాలుగు విజిళ్ళు రానిచ్చాను. మూత తీస్తే మాంసం ఊడింది నిజమే, ఎముకలు కూడా ఊడాయి. పుర్రెని పట్టుకోబోతే వేళ్ళ మధ్య బిస్కెట్టులా నలిగిపోయింది. డబ్బా చేపలు ముళ్ళతో సహా ఎందుకు నమిలెయ్యొచ్చో ఇప్పుడు తెలిసింది: ఆవిరి ఒత్తిడికి ఎముకలో ఉండే జిగురు కరిగిపోతుంది.

కుక్కర్ రబ్బరుకి పట్టిన వాసన చింతపండుకీ పోలేదు, నిమ్మచెక్కకీ పోలేదు. కొత్త రబ్బరు కొన్నాను. కుక్కర్ విషయంలో ఇంట్లో ఒక ఒప్పందం కూడా కుదిరింది.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆ చేపలావిడ ఫోన్ చేసి పెద్దది పడిందని చెప్పింది. వెళ్ళి చూస్తే నిజంగానే పెద్దది: 2 కిలోల 300 గ్రాములు, మూతి నుంచి తోక దాకా 60 సెంటీమీటర్లు. మామూలుగా వాళ్ళు అమ్మేముందే వీపు ముల్లూ, రెక్కల ముళ్ళూ విరిచేస్తారు. నేను "విరవకండి, అవి కూడా కావాలి" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, "జాగర్త బాబుగారూ" అని రెండు సార్లు చెప్పింది.

సాయంత్రం తల కడుగుతుంటే రెక్క ముల్లు బొటనవేలులో దిగింది.

తేలు కుట్టినట్టుంది అంటే తక్కువే. ఐదు నిమిషాల్లో నొప్పి మణికట్టు దాకా పాకింది. జెల్ల ముల్లు రంపంలా ఉంటుంది, దాని మీదున్న పల్చటి చర్మంలో విషం ఉంటుంది. ఆ విషం ఒకరకం ప్రొటీన్, వేడికి చెడిపోతుంది. అందుకే ఐసు పెట్టకూడదు, చెయ్యి కాలకుండా భరించగలిగినంత వేడి నీళ్ళలో, దాదాపు 45 డిగ్రీలు, గంటన్నర దాకా ముంచి ఉంచాలి. వేడి సరిగ్గా ఉందో లేదో నొప్పి ఉన్న చేత్తో కాకుండా రెండో చేత్తో చూసుకోవాలి. మా ఆవిడ నీళ్ళు మారుస్తూ కూర్చుంది. ముప్పావుగంటకి నొప్పి దిగింది. తరవాత డాక్టరు దగ్గరికెళ్తే ముల్లు ముక్క లోపల ఉండిపోలేదని చూసి, టీటీ ఇంజెక్షన్ వేసి, "బజార్లో శుభ్రం చేయించుకోవచ్చు కదండీ" అన్నారు. పులుసుకైతే అలాగే చేయించుకునేవాణ్ణి.

ఫిబ్రవరి 2

ఈసారి పద్ధతి మార్చాను. తలని పెద్ద గిన్నెలో, మూత లేకుండా, నీళ్ళు తెర్లకుండా సన్న మంట మీద ఇరవై నిమిషాలు ఉంచాను. మెత్తబడ్డ మాంసాన్ని పాత టూత్‌బ్రష్‌తో, స్పూనుతో తీశాను. మిగిలినదాన్ని మూత ఉన్న పెయింటు డబ్బాలో నీళ్ళు పోసి డాబా మీద పెట్టాను. మిగతా పని నీళ్ళలో పుట్టే సూక్ష్మజీవులు చేస్తాయి. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. చలికాలం కాబట్టి ఆలస్యమవుతుంది.

ఫిబ్రవరి 11

వాసన గురించి రాయను. పక్కింటివాళ్ళు ఎలక చచ్చిందని వాళ్ళ డాబా అంతా వెతుక్కున్నారని మాత్రం రాస్తాను.

ఎముకలు శుభ్రంగా వచ్చాయి. జెల్ల తలలో కొవ్వు ఎక్కువ, అందుకని గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో రెండు రోజులు ఉంచాను. తరవాత మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్. సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది, అంటే 6 శాతం. దానికి సమానంగా నీళ్ళు కలిపాను. బ్లీచింగ్ పౌడరు వాడొద్దు, తెల్లగా అయితే అవుతుంది కానీ కొన్నాళ్ళకి ఎముక పొడిపొడిగా రాలిపోతుంది. బీచ్‌లో దొరికినదానికి మాత్రం ఏమీ పూయలేదు, ఏ రంగులో దొరికిందో ఆ రంగులోనే ఉంచాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఇవాళ రెండింటినీ పక్కపక్కన పెట్టాం. కొత్తదాని పొడవు 12.1, పాతది 14.5.

పైన గరుకు, మధ్య గాడి, వెనక నాలుక ఎముక, మూడూ ఉన్నాయి. ఆ నాలుక ఎముక ఊరికే పొడుచుకురాలేదు. వెనక్కి వెళ్ళి, వీపు ముల్లు మొదట్లో ఉండే చిన్న పలకని ఆనుకుంటుంది. తల మీద హెల్మెట్, హెల్మెట్‌కి తగిలించిన బల్లెం. నేను కళ్ళనుకున్న బొక్కలు కళ్ళు కావు. కన్ను పుర్రె పక్కన చిన్న వంపులో ఉంటుంది, దాని చుట్టూ ఉండే సన్నటి ఎముకలు మొదట్లోనే రాలిపోతాయి. అందుకే బీచ్‌లో దొరికినదానికి కన్ను వెతికితే దొరకలేదు.

వెనకున్న గుంట అసలు పుర్రెది కాదని కూడా తేలింది. జెల్ల జాతిలో వెన్నెముక మొదటి పూసలు కొన్ని ఒకదానికొకటి కలిసిపోయి, పుర్రెకి గట్టిగా అతుక్కుని ఉంటాయి. నేను చూసింది ఆ కలిసిపోయిన పూసల చివర. ఆ పూసల పక్క నుంచి సన్నటి చిట్టి ఎముకల వరసొకటి గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా వెళ్తుంది. నీళ్ళలో చప్పుడుకి గాలితిత్తి అదిరితే ఆ అదురుని చెవికి చేరవేస్తుంది. 1820లో వెబర్ అనే జర్మన్ ఆయన దీన్ని వర్ణించాడు, అప్పటి నుంచి ఆయన పేరుతోనే పిలుస్తారు. జెల్లకే కాదు, బొచ్చెకీ శీలావతికీ కూడా ఈ ఏర్పాటు ఉంటుంది. పండుగప్పకి ఉండదు.

ఇక గలగల. పుర్రె కింద, వెనక భాగంలో అటొకటి ఇటొకటి బుగ్గల్లా ఉబ్బిన గదులున్నాయి. కొత్తదాన్ని ఊపితే అదీ మోగింది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. నాకు మాత్రం లోపల చూడాలనిపించింది. పాతదాన్ని ముట్టుకోకుండా కొత్తదాని గది ఒకటి గోళ్ళకత్తెరతో మెల్లగా తెరిచాను. తెల్లటి రాయి జారి పళ్ళెంలో పడింది. ఒక వైపు ఉబ్బు, ఒక వైపు చదును, 11 మిల్లీమీటర్ల అడ్డం. నానబెట్టిన శనగగింజ లాగుంది.

చెవిరాయి. ఎముకున్న చేపలన్నిటికీ చెవుల్లో ఇలాంటివి చెరో మూడు ఉంటాయి, ఒరిగినప్పుడూ తిరిగినప్పుడూ తెలుస్తుందని. చాలా చేపల్లో అవి బియ్యపు గింజంతో, అంతకంటే చిన్నగానో ఉంటాయి, పులుసులో మనకి తెలియకుండానే పోతాయి. సముద్రపు జెల్లల్లో మాత్రం మూడింటిలో ఒకటి విపరీతంగా పెరుగుతుంది. మిగతా చేపల్లో పెద్దదయ్యే రాయి వేరు, వీటిలో వేరు. మాంసం ఎండిపోయాక ఆ రాయి గదిలో వదులై మోగుతుంది.

అది ఎముక కాదు, సున్నపురాయి జాతి. రెండో రాయి కొసన గీకి ఆ పొడి మీద నిమ్మరసం పిండితే బుసబుస బుడగలొచ్చాయి. పుర్రె ఎముక పొడి మీద పిండితే ఏమీ కాలేదు. ఈ ప్రయోగం మా అమ్మాయిది, నాది కాదు.

ఇప్పుడు కింద నుంచి తీసిన ఫొటో కథ. పుర్రెని వెల్లకిలా తిప్పితే నిలువుగా ఒక ఎముక, దానికి అడ్డంగా రెండు చేతులు చాచినట్టు ఇంకో ఎముక. శిలువ మీద మనిషిలా ఉంటుంది. కరీబియన్ దీవుల్లోనూ దక్షిణ అమెరికా తీరంలోనూ దీన్ని శిలువ చేప అనే అంటారు. లోపల మోగే రాళ్ళు, క్రీస్తు బట్టల కోసం సైనికులు వేసుకున్న పాచికలట. రంగులు వేసి అమ్ముతారు కూడా. అక్కడివి వేరే జెల్లలు, ఎముకల అమరిక మాత్రం ఇదే. మా ఎదురింటి మామ్మగారు చర్చికి వెళ్తారు, ఆవిడకి ఏమీ చెప్పకుండా ఫొటో చూపించాను. అర నిమిషం చూసి, "ఇది మీకెక్కడిది బాబూ" అన్నారు మెల్లగా.

ఫిబ్రవరి 22, ఆదివారం

జెల్ల అని తేలింది. ఏ జెల్ల? ఇక్కడ మాత్రం ఆగిపోయాను.

పక్కపక్కన పెడితే రెండూ ఒకటి కావనిపిస్తోంది. కొత్తదాని నాలుక ఎముక సన్నగా, పొడుగ్గా ఉంది. పాతదానిది మొదట్లో వెడల్పుగా ఉండి త్రికోణంలా కోసుకుపోయింది. గరుకు పొక్కులు కూడా పాతదాని మీద ఎక్కువ ముందుకి వచ్చాయి. వయసుని బట్టి వచ్చే తేడా కావచ్చు, జాతి తేడా కావచ్చు. ఖాయంగా చెప్పాలంటే అంగిట్లో ఉండే పళ్ళ పలకలు చూడాలి. ఒక్కో వైపు ఎన్ని పలకలు, ఎలా అమరాయి అన్నదే ఈ కుటుంబంలో ముఖ్యమైన గుర్తు. ఆ పలకలు సముద్రంలో తేలిగ్గా రాలిపోయేవి. నా పుర్రెకి ఒక్కటీ మిగల్లేదు.

సైజు మాత్రం అంచనా కట్టాం. 12.1 పుర్రెకి 60 సెంటీమీటర్ల చేప అయితే 14.5కి దాదాపు 72. జాతి వేరైతే ఈ లెక్క కొంచెం తప్పుతుంది. వయసు కూడా కడదామని కొత్త చేప చెవిరాయిని ఉప్పుకాగితం మీద సగానికి అరగదీసి, నూనె చుక్క వేసి, ఫోనుకి భూతద్దం తగిలించి చూశాం. చెట్టు మానులో ఉన్నట్టు వలయాలు కనబడ్డాయి. నేను లెక్కపెడితే 9, మా అమ్మాయి లెక్కపెడితే 13. దీనికి పల్చటి కోత, మంచి మైక్రోస్కోపు కావాలి.

వెతుకుతుంటే తగిలిన ఇంకో సంగతి రాసి పెడతాను. ఈ తీరపు చేపల మీద 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం అచ్చయింది, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలతో. రాసినాయన పాట్రిక్ రస్సెల్, రక్తపింజరి ఇంగ్లీషు పేరులో ఉన్న రస్సెల్ ఈయనే. ఆయన చేపలకి అక్కడి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే రాసుకున్నాడు, జెల్లల్ని కూడా జెల్లా అనే. మొదటి రోజు వల దగ్గర నాకు పేరు చెప్పినాయన లాంటివాడే ఎవరో ఆయనకీ చెప్పుంటాడు. రస్సెల్ నమ్మి రాసుకున్నాడు. నాకు ఐదు వారాలు, ఒక కుక్కర్ రబ్బరు, ఒక బొటనవేలు పట్టింది.

పుర్రెకి చెప్పుల డబ్బాలో దూది పరిచి చోటు చేశాం. డబ్బా మీద మా అమ్మాయి చీటీ అంటించింది: "సముద్రపు జెల్ల. ఉప్పాడ తీరం. జనవరి 18. పొడవు 14.5. ఊపవచ్చు." జాతి అన్న చోట పెన్సిలుతో గీత గీసి ఖాళీగా వదిలింది. అంగిట్లో పలకలు ఊడని పెద్ద జెల్ల తల వస్తే చెప్పమని రేవులో ఆవిడకి చెప్పొచ్చాను. ఈసారి ముళ్ళు విరిచేసే ఇమ్మన్నాను.